ఇరవై నాలుగు ముక్కల పేను

ఆ రోజు వీరేశం పెట్టుకున్న పని చిన్నదే. పొద్దున్నే జనగామలో బస్సెక్కి రఘునాథపల్లి పశువుల మేళాకు పోవాలి. అక్కడ ఒక పేను బొమ్మను అట్టకు అంటించాలి. పదకొండు గంటలకు పై అధికారి నర్సింగరావు జీపు దిగేసరికి దాన్ని గుడారం ముందు వేలాడదీయాలి.

వీరేశం పశువుల దవాఖానలో సూక్ష్మదర్శిని చూసే ఉద్యోగి. బర్రెలకు పేల మందు కొట్టించే బాధ్యత కూడా అతని నెత్తినే పడింది. మందు కొడితే పాలు ఇంకిపోతాయని ఊళ్లలో ఒక మాట పుట్టింది. దాంతో కిందటి మేళాకు తొమ్మిది బర్రెలే వచ్చాయి. వాటిలో రెండు దారి తప్పి వచ్చినవి. ఈసారి వంద రాకపోతే ఎక్కడో దూరాన ఉన్న మొగుళ్లపల్లికి బదిలీ అని నర్సింగరావు కాగితం మీదనే పెట్టారు.

భార్య విజయలక్ష్మిది జనగామలో టీచరు ఉద్యోగం. "మొగుళ్లపల్లికి నువ్వు పో. నెలకో ఉత్తరం రాస్త," అని సద్ది గిన్నె చేతికిచ్చింది.

పేనును చాపంత చేసి చూపిస్తే జనం వాళ్లంతట వాళ్లే బర్రెలను తోలుకొస్తారని వీరేశం నమ్మకం. అయితే గాజు పలక మీది పేను సూక్ష్మదర్శినిలో ఒక్కసారిగా పట్టదు. కాలు కనబడితే తల కనబడదు. అందుకని ఫొటో స్టూడియో వెంకట్రాజాన్ని పిలిచి, పలకను కొంచెం కొంచెం జరుపుతూ, వరుసకు ఆరు చొప్పున నాలుగు వరుసలు ఫొటోలు తీయించాడు. వెంకట్రాజం ప్రతి ఫొటో వెనక అంకె వేసి, పై అంచుకు గీత పెట్టాడు.

"పెండ్లి ఆల్బం లెక్క వరుస పెట్టిన. కండ్లు మూసుకొని అంటియ్యొచ్చు," అన్నాడు.

ఇద్దరూ గుడారంలో కూర్చుని దాదాపు అట్లనే అంటించారు. బొమ్మ చూడకుండా వెనక అంకె చూడటం, మైదా లై పూయడం, తిప్పి అట్టకు అద్దటం. ఇరవై నాలుగోది అద్ది, లేచి నిలబడి చూశారు.

కాళ్లు బయటికి పోవలసింది పోయి కడుపులోకి తిరిగాయి. మూతి మెడలోకి గుచ్చుకుంది. ఎక్కడికక్కడ తెగిన కాళ్లు ఆరు కాస్తా పద్నాలుగైనట్టు కనబడ్డాయి.

"ఏందన్నా గిది?" అన్నాడు వెంకట్రాజం.

"పేనే."

"పేను గిట్లుంటదా?"

"నువ్వే గద తీసినవ్!"

"నేను ఒత్తిన. జరిపింది నువ్వు."

పెళ్లివాళ్ల అలవాటు కొద్దీ వెంకట్రాజం రెండో కాపీ కూడా కడిగించి తెచ్చాడు. పాడైన అట్టను ఎవరి కంటా పడకుండా గుడారం వెనక్కి విసిరేశారు. గుడారం వెనక బర్రెలు వచ్చే బాట ఉందన్న సంగతి ఇద్దరికీ తోచలేదు.

ఇక లోపల కొత్త ఫొటోలు పరిచి, ఒకదాని అంచును మిగతా ఇరవై మూడింటి అంచులతో పోల్చడం మొదలుపెట్టారు. గంట గడిచింది. మూడు ముక్కలు కలిశాయి. ఆ మూడూ కడుపే.

తండా నుంచి బర్రెను తోలుకొచ్చిన తుల్సీబాయి, నీళ్ల తొట్టి ఎక్కడని అడగడానికి లోపలికి తొంగి చూసి, పరిచిన ఫొటోలను పేకముక్కలనుకుంది. "ఏం సారూ, పత్తాలాడుతున్నరా?"

"పని మీదున్నం. జర పో అవ్వా."

ఆమె పోలేదు. కట్టుకున్న లంగా నిండా గుడ్డముక్కలూ అద్దాలూ ఆమె కుట్టినవే. "గిట్ల అంచుకు అంచు సూస్కుంట పోతే నా లంగ నేను సచ్చినంక తయారైతుండె. ముందుగాల దూరం నిలబడాలె. పెద్ద పెద్దయి ఏడున్నయో సూడాలె. గవి కుదిరినంకనే దగ్గరికొచ్చి అంచు సదరాలె." నాలుగడుగులు వెనక్కి వేసి, కళ్లు చికిలించింది. "అంకెల వరుస పెట్టి సూపియ్యిండ్రి."

పెట్టారు.

"అన్ని తలకిందులున్నయ్. జాగ మార్చకుండ్రి. ఏడిదాన్ని ఆడనే తిప్పుండ్రి."

వీరేశం నుదురు కొట్టుకున్నాడు. సూక్ష్మదర్శినిలో అన్నీ తలకిందులుగానే కనబడతాయి. ఏడేళ్లుగా చూసి చూసి అతనికి అదే నిటారు అయిపోయింది.

పావుగంటలో ఆరు కాళ్ల, ఒక తల పేను అట్ట మీద తయారైంది. దాన్ని ఎత్తుకుని బయటికి వస్తే అడుగు పెట్టే చోటు లేదు. బాట పొడుగునా బర్రెలే. పాత అట్టను ఎవరో తీసి వేపకొమ్మకు కట్టారు. దాని కింద నిలబడి పోశాలు అనే ముసలి రైతు అందరికీ విప్పి చెప్తున్నాడు.

"కాళ్లు లోపలికి తిరిగినయ్ సూడుండ్రి. గిది మీద పాకది. బర్రె లోపటికే నడుస్తది."

"మా బర్రె మీద ఒక్కటి లేదే పెద్దబాపు."

"లేదంటే లోపటికి పోయిందన్నట్టే."

"నర్మెట్టల ఒక దున్నను సగం తిన్నదట!"

"సగమేంది? మెడల గంట ఒక్కటే మిగిలిందట!"

మందు కొట్టేవాళ్లకు చేతులు ఆడటం లేదు. అప్పటికి అరవై రెండు బర్రెలు తడిశాయి. జీపు దిగిన నర్సింగరావు ఆ వరుస చూసి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. వీరేశం ఉత్సాహంగా పాత అట్టను పీకి, కొత్తది కట్టాడు.

జనం చూశారు. పోశాలు దగ్గరికి పోయి చూశాడు.

"ఓర్ని! గిది మన పేనే గదనే!"

"నా బిడ్డ నెత్తిల గింతకన్న పెద్దయున్నయ్."

"పాండ్రి, పాండ్రి. ఉన్న పాలు ఇంకిపోతయ్."

వరుస చివర ఉన్న బర్రెలు ముందుగా ఇంటిదారి పట్టాయి. చూస్తుండగానే సగం బాట ఖాళీ అయింది. వీరేశం కళ్ల ముందు మొగుళ్లపల్లి కనబడింది.

"వీరేశం, గది తియ్యి. ముందున్నదే పెట్టు," అన్నారు నర్సింగరావు.

"సార్, గది తప్పు సార్. అసలుది గిదే."

"అసలుది అందరి ఇండ్లల్ల ఉన్నదయ్యా. దానికి ఎవడు భయపడ్తడు?"

వీరేశం కట్టాడు. అసలు పేనును తరిమి రాక్షసి పేను మళ్లీ వచ్చిందన్న మాట బస్టాండు దాటింది. పోయిన బర్రెలన్నీ పరుగున తిరిగొచ్చాయి. వాటి వెనక తుల్సీబాయి కూడా బర్రెను పట్టుకుని నిలబడింది.

"గది తప్పు బొమ్మని నీకు ఎరుకే గదా అవ్వా?" అన్నాడు వీరేశం గుసగుసగా.

"బొమ్మ తప్పైతే ఏంది సారూ, దురద నిజమే గదా. కొట్టు."

పొద్దు గుంకేసరికి నూట ముప్పై ఒక్క బర్రెలు తడిశాయి. వీరేశం బదిలీ ఆగింది. విజయలక్ష్మికి ఉత్తరం రాసే పని తప్పింది.

బొమ్మలో చూపిన జాతి పేను ఈ ప్రాంతంలో ఒక్క బర్రె మీద కూడా మిగలలేదని మరుసటి ఏడు నర్సింగరావు పైకి నివేదిక పంపారు.