జంగప్ప గారు కాపాడిన కెమెరాలు

వికారాబాద్ జిల్లాలో ఇకమీదట ఏ కెమెరా కూడా తమ రాతపూర్వక అనుమతి లేకుండా పాతబడడానికి వీల్లేదని జిల్లా సాంకేతిక వారసత్వ మండలి చైర్మన్ శ్రీ జంగప్ప గారు ప్రకటించారు. మే నెల ఎండలో, తాండూరు ఫంక్షన్ హాల్లో, అరవై మంది ఫొటోగ్రాఫర్ల ఎదుట ఈ ప్రకటన జరిగింది. చప్పట్లు కొట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. తాండూరు నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాసి పంపడం నా పని. ఇరవై రెండేళ్లుగా ఎన్నో ప్రకటనలు రాశాను. కాలానికే ఆంక్షలు పెట్టిన నాయకుణ్ణి మాత్రం ఆ రోజే చూశాను.

అసలు ఆ సభ జంగప్ప గారి కోసం పెట్టింది కాదు. హోషికా అనే జపాన్ కంపెనీ ఇక కెమెరాలు తయారుచేయబోమని చెప్పేసింది. తాండూరు, వికారాబాద్‌లలో పాత ఫొటోగ్రాఫర్లలో ఎక్కువ మందివి హోషికాలే. ఆ లెన్సు వేరే కెమెరాకు పట్టదు, ఆ బ్యాటరీ వేరేదాంట్లో ఎక్కదు, ఆ ఫ్లాష్ వేరేదాని మీద వెలగదు. ఒక్కటి ఆగిపోతే అన్నీ ఆగినట్టే. అందుకని అందరూ కూర్చుని మాట్లాడుకుందామని అనుకున్నారు. సభ అన్నాక ముఖ్య అతిథి ఉండాలి కదా. జంగప్ప గారు ఖాళీగా ఉన్నారు. ఆయనకు ఆ పదవి వచ్చి నాలుగు నెలలైంది. సాంకేతిక వారసత్వం అంటే ఏమిటో ఆయనా అడగలేదు, ఇచ్చిన వాళ్లూ చెప్పలేదు.

మొదట మాట్లాడింది ఏసుదాసు. తాండూరులో రెబెక్క ఫొటో స్టూడియో ఆయనదే. రెబెక్క ఆయన భార్య. పదహారేళ్ల కింద కొన్న హోషికాను మెడలో వేసుకుని మైకు ముందుకు వచ్చాడు. నాపరాళ్ల దుమ్ములో ఇన్నేళ్లు పనిచేసినా అది ఒక్కనాడు మొండికెయ్యలేదన్నాడు. నల్లటి మనుషులను నల్లగానే, అందంగా చూపిన కెమెరా అదొక్కటే అన్నాడు. ఇప్పటి ఫోన్లు అడగకుండానే మనిషికి సున్నం వేస్తున్నాయన్నాడు. చివరికి ఆయన కోరింది చాలా చిన్నది. హైదరాబాద్‌లో హోషికాలు బాగుచేసే ముసలాయన పని మానేశాడు. ఆయన్ను ఒక నెలపాటు ఇక్కడికి రప్పించి నలుగురికి పని నేర్పిస్తే, ఉన్న కెమెరాలు ఇంకో పదేళ్లు నడుస్తాయి.

జంగప్ప గారు వెనక్కి తిరిగి బ్యానర్ చదివారు. ‘హోషికా పతనం – మన ఆలోచనలు’ అని ఉంది. ఆయన ముఖం గంభీరమైంది.

"ఎంత ఎత్తు మీదికెళ్లి పడ్డది?" అని అడిగారు.

"గట్ల పడలే సార్. పదేండ్ల సంది పడుకుంట వస్తున్నది," అన్నాడు ఏసుదాసు.

"అంటే ఇంక నేలకు తాకలేదన్నట్టు. టైమున్నది."

ఒక నాయకుడికి ఉండవలసిన ఆశాభావం అది. తర్వాత ఆయన కెమెరా ఎందుకు పాతబడుతుందని అడిగారు. ప్రతి కెమెరాకూ ఇన్ని నొక్కులని ఒక ఆయుష్షు ఉంటుందనీ, హోషికాకు సుమారు రెండు లక్షలనీ, నొక్కిన కొద్దీ అది తగ్గుతుందనీ ఏసుదాసు ఓపికగా వివరించాడు. జంగప్ప గారు కళ్లు మూసుకుని ఒక నిమిషం ఆలోచించారు.

"నొక్కుడు బంద్ చేస్తే?"

జవాబు లేని ప్రశ్న వేశానన్న తృప్తితో జంగప్ప గారు లేచి, నేను మొదట చెప్పిన ప్రకటన చేశారు.

పని వెంటనే మొదలైంది. మండలి సభ్య కార్యదర్శి జ్యోతిరాణి మేడం చాలా నిబద్ధత గల అధికారి. ముందు లెక్క తేలాలన్నారు. కెమెరాల లెక్కకు ఫారం లేదు. కొత్తది అచ్చువేయించాలంటే మూడు నెలలు పడుతుంది. గొర్రెల లెక్కకు అచ్చువేసి మిగిలిపోయిన ఫారాలు ఒక బీరువా నిండా ఉన్నాయి. ప్రజాధనం వృథా కాకూడదని మేడం వాటినే పంపారు.

వికారాబాద్ ఫొటోగ్రాఫర్ బీరన్న ఇంట్లో తరతరాలుగా గొర్రెలే. అనంతగిరి గుట్టల్లో పెళ్లికి ముందు జంటలకు ఫొటోలు తీయడం మొదలుపెట్టి, ఆ కుటుంబంలో గొర్రెల వెంట పోని మొదటివాడయ్యాడు. ఆ ఫారం మిగతా వాళ్లను తికమకపెట్టింది గానీ బీరన్న మాత్రం పది నిమిషాల్లో నింపాడు. చూడిదా, ఒట్టిదా అన్నచోట ‘ఒట్టిది’ అని రాశాడు. ఉన్ని రంగు నలుపు. కాళ్ల సంఖ్య దగ్గర కెమెరాను నిలబెట్టే స్టాండును లెక్కలోకి తీసుకుని ‘మూడు’ అని రాశాడు. నాలుగోది ఏమైందో వివరణ ఇవ్వాలని మేడం ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పుట్టినప్పటి నుంచీ అంతేనని బీరన్న జవాబిచ్చాడు. జవాబు సంతృప్తికరంగా ఉందని ఫైలులో రాశారు.

లెక్క తేలింది. జిల్లాలో నలభై ఒక్క హోషికాలు. వాటన్నిటినీ వికారాబాద్‌లో హోషికా పరిరక్షణ కేంద్రం పెట్టి, అద్దాల అల్మారాల్లో భద్రపరచాలని, ప్రారంభోత్సవం నాడు ఎవరివి వాళ్లకు గౌరవంగా తిరిగి ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. అప్పటిదాకా ఎవరూ నొక్కకూడదు. తాండూరు వాళ్లు వారం లోపల తెచ్చి అప్పజెప్పాలి.

ఏసుదాసు పొద్దున రైలుకు బయలుదేరాడు. వార్త కోసం నేనూ వెంట వెళ్లాను. కిటికీ పక్కన కూర్చుని, కెమెరాను ఒడిలో పెట్టుకుని, ఉత్తర్వు మళ్లీ ఒకసారి చదివాడు. అప్పజెప్పే దాకా నొక్కరాదని అందులో ఉందా అని నన్ను అడిగాడు. ఉందన్నాను. ఆయన లెన్సు మూత తీసి, దున్ని వదిలేసిన ఎర్రటి కందిచేలను, స్టేషన్లో నీళ్ల సీసా నింపుకుంటున్న ఒక ముసలామెను, చివరికి నన్నూ తీశాడు. మొత్తం పదకొండు నొక్కులు. వార్తలో నేను ఆ సంగతి రాయలేదు.

జూన్‌లో బషీరాబాద్‌లో ఒక పెళ్లి కుదిరింది. పెళ్లికూతురు తల్లి పెళ్లి ఫొటోలు తీసింది ఏసుదాసే. కూతురి పెళ్లికీ ఆయనే రావాలని పట్టుబట్టారు. కెమెరా ప్రభుత్వ సంరక్షణలో ఉందని చెబితే, ఫోన్‌తోనైనా సరే రమ్మన్నారు. రెబెక్క తన ఫోన్ ఇచ్చింది. ఆ పెళ్లికి నేనూ వెళ్లాను. తలంబ్రాల సమయానికి మండపం చుట్టూ యాభై ఫోన్లు లేచాయి. ఏసుదాసు వెనక నిలబడి జర జరగండమ్మా, జర జరగండన్నా అంటున్నాడు. ఎవరూ జరగలేదు. ఒకాయన వెనక్కి తిరిగి చూసి, మేమూ ఫొటోగ్రాఫర్లమే కాకా అన్నాడు.

భోజనాల దగ్గర ఏసుదాసు నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ తినలేదు.

"మెడల కెమెరా ఉంటే పెండ్లికొడుకు తండ్రి కూడ పక్కకు జరుగుతుండె," అన్నాడు. "నన్ను చూసి జరిగిండ్రనుకున్న ఇన్నేండ్లు."

ఆ నెలలో ఆయనకు ఇంకో పెళ్లి రాలేదు. బీరన్న అన్నగారి మందలో చేరాడని తెలిసింది. ఇదే సమయంలో మండలి తన మొదటి త్రైమాసిక నివేదిక విడుదల చేసింది. పరిరక్షణ మొదలైన నాటి నుంచి జిల్లాలో ఒక్క హోషికా కూడా చెడిపోలేదని, ఒక్కదాని ఆయుష్షు కూడా ఒక్క నొక్కైనా తగ్గలేదని, పతనం పూర్తిగా ఆగిపోయిందని అందులో ఉంది. రైల్లో నొక్కిన ఆ పదకొండూ పోతే, ఆ లెక్కలో అబద్ధం లేదు. నేను మొదటి పేజీకి పంపాను. లోపలి పేజీలో వచ్చింది.

ప్రారంభోత్సవం జులై మూడో సోమవారం పది గంటలకని కబురు వచ్చింది. వికారాబాద్‌లో స్టేషన్ దారిలో మేడమీద ఒక పెద్ద గది, తలుపుకు ఎర్ర రిబ్బన్, రిబ్బన్‌కు అవతల తాళం. ఫొటోగ్రాఫర్లందరూ ఇస్త్రీ బట్టల్లో వచ్చి మెట్ల మీద నిలబడ్డారు. ఏసుదాసు కెమెరా పెట్టుకోవడానికి ఖాళీ సంచి తెచ్చుకున్నాడు. పది దాటింది, పదకొండు దాటింది. పన్నెండింటికి అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి.

జంగప్ప గారి కార్యక్రమాలు పంపే ఫోన్ గ్రూపులో ప్రారంభోత్సవం ఫొటో వచ్చింది. అందులో జంగప్ప గారు రిబ్బన్ కత్తిరిస్తున్నారు. పక్కన ఏసుదాసు నిలబడి, ఆయన చేతుల మీదుగా తన కెమెరాను తిరిగి అందుకుంటున్నాడు. వెనక ఫొటోగ్రాఫర్లందరూ నవ్వుతున్నారు. ఓ మూలన నేను చప్పట్లు కొడుతున్నాను. నా తలమీద జుట్టు కూడా ఉంది.

మేము తలుపు వైపు చూశాం. రిబ్బన్ అట్లాగే ఉంది.

జంగప్ప గారి ప్రచార వ్యవహారాలు చూసే ప్రణవి అనే అమ్మాయి మెట్ల కింద ల్యాప్‌టాప్ సర్దుకుంటోంది. సార్ ఎప్పుడొస్తారని అడిగాం. సార్ హైదరాబాద్‌లో ఉన్నారనీ, రారనీ మర్యాదగా చెప్పింది. కంప్యూటర్‌కు నాలుగు మాటలు చెబితే అదే ఫొటో గీస్తుందని, అందరి పాత ఫొటోలూ దానికి ముందే ఇచ్చానని వివరించింది.

"సార్ వచ్చేది ఫొటో కోసమే గద అంకుల్," అంది. "ఫొటో అయిపోయింది."

ఇంత ఎండలో ప్రజలను ఇంకా నిలబెట్టకుండా కార్యక్రమాన్ని ముగించిన నాయకుడు ఈ జిల్లాలో మరొకరు లేరు. అందరం ఇళ్లకు పోయాం. మరునాడు అన్ని పత్రికల్లోనూ ఆ ఫొటో వచ్చింది. మా పత్రికలోనూ వచ్చింది. వార్త నేనే రాశాను.

పది రోజులు చూసి, ఏసుదాసు జ్యోతిరాణి మేడం ఆఫీసుకు వెళ్లాడు. తోడు రమ్మంటే వెళ్లాను. నా కెమెరా ఇప్పించండి మేడం అన్నాడు. ఆమె ఫైలు తెప్పించి, మొదటి పేజీలో అతికించిన ఫొటో చూపించారు. జులై మూడో సోమవారం నాడే మీకు ముట్టింది కదా అన్నారు. ఈ ఫొటోలో ఉన్నది మీరు కాదా అని కూడా అడిగారు.

ఏసుదాసు కళ్లద్దాలు పెట్టుకుని ఫైలును వెలుతురు వైపు తిప్పాడు. చాలాసేపు చూశాడు. ముప్పై ఏళ్లుగా ఫొటోలను అట్లా చూసే అలవాటున్న మనిషి.

"లైటింగ్ మంచిగున్నది మేడం," అన్నాడు చివరికి. "గని గీ కెమెరకు నొక్కే బటన్ లేదు."

మేడం ఫైలు తనవైపు తిప్పుకుని చూశారు. నిజమే, బటన్ లేదు. ఆమె పెన్ను తీసి ఏదో రాసుకున్నారు. ప్రభుత్వం దృష్టికి ఒక లోపం వస్తే చర్య తీసుకోకుండా ఉండని అధికారి ఆమె.

చర్య వారం రోజుల్లో రిజిస్టర్ పోస్టులో వచ్చింది. మండలి గౌరవప్రదంగా తిరిగి అప్పగించిన వారసత్వ కెమెరాకు చెందిన బటన్‌ను పది రోజుల వ్యవధిలోనే పోగొట్టినందుకు తమపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలపాలని, సదరు కెమెరా మంచి స్థితిలో ఉన్నట్టు రుజువుగా దానితో దిగిన తాజా ఫొటోను ఏడు రోజుల్లోగా సమర్పించాలని, లేనిచో స్టూడియో లైసెన్సు రద్దు చేయించబడునని అందులో ఉంది.

ఏసుదాసు ఆ కాగితాన్ని నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ రాత్రి రెబెక్కకు చెప్పలేదట. ఆరు రోజులు పరిరక్షణ కేంద్రం చుట్టూ తిరిగాడు. తాళంచెవి ఉన్న గుమాస్తా బదిలీ అయ్యాడు. ఎక్కడికి అయ్యాడన్న సంగతి ఉన్న ఫైలు ఆ గదిలోనే ఉంది. తలుపు సందులోంచి చూస్తే అల్మారా మూల, అందులో ఒక నల్లటి పట్టీ కనిపిస్తాయని, ఆ పట్టీ తనదేనని నాకు చెప్పాడు.

ఏడో రోజు పొద్దున జంగప్ప గారి క్యాంపు ఆఫీసుకు వెళ్లాం. ప్రణవి బల్ల దగ్గర కుర్చీ చూపిస్తే ఏసుదాసు కూర్చోలేదు. చొక్కా గుండీలు సరిచూసుకుని, దువ్వెనతో తల దువ్వుకుని, గోడకు ఆనుకుని నిటారుగా నిలబడ్డాడు. నిలబడనవసరం లేదనీ, పాత ఫొటోలు తన దగ్గర ఉన్నాయనీ ఆ అమ్మాయి చెప్పింది. ఏం కావాలని అడిగింది.

"గా కెమెర నా చేతుల ఉన్నట్టు ఇంకొకటి చెయ్యి బిడ్డా," అన్నాడు. "జర ఈసారి బటన్ పెట్టు."