ఎలుక బొరియకు హద్దు

ఆ కరువేడు, అంటే రెండువేల రెండులో, ఒక ఉదయం విష్ణువర్ధన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉగ్గాని తినాలి, చేను ఒక చుట్టు తిరగాలి, పది గంటలకల్లా కళ్యాణదుర్గంలో పార్టీ మీటింగుకు పోవాలి. ఇస్త్రీ తెల్లబట్టలు వేసుకుని, ఊళ్ళో సిగ్నలే అందని సెల్‌ఫోను జేబులో పెట్టుకుని బయలుదేరాడు.

అతని చేలో గంగక్క ఎలుక బొరియ తవ్వుతోంది. ఆమె రెండెకరాలు పక్కనే ఉన్నాయి. ఆ ఏడు వాటిలో వేరుశనగ వేస్తే ఉత్త ఎండుకట్టె తప్ప కాయ రాలేదు. కోతలయ్యాక ఎలుకలు బొరియల్లో దాచుకున్న వేరుశనగ కాయలు తవ్వినవాళ్ళవేనని అక్కడ ఎప్పటినుంచో వాడుక. అవి దొరికితేనే వచ్చే ఏడు ఆమెకు విత్తనం.

"ఎవర్నడిగి తవ్వుతాండావు?" అన్నాడు విష్ణువర్ధన్.

"ఎలుక బొక్కకు అడిగేదేముందన్నా? ప్రతి ఏడూ తవ్వుకునేదే కదా!"

"ఇంక కుదరదు. బొక్క మూతి ఎవరి చేన్లో ఉంటే కాయలు వాళ్ళవే. లోపల ఎంత దూరం పోయినా సరే!"

ముప్పై ఎకరాల ఆసామికి ఎలుక నోటికాడి కాయల మీద ఆశ! చూసేవాళ్ళకే సిగ్గేసింది, అతనికి తప్ప. పైగా హద్దు తగవులు తీర్చే తిప్పయ్యను పిలిపించి, ఆయన ముందు అదే మాట మూడుసార్లు చెప్పాడు.

"సరేప్పా, నువ్వు చెప్పిందే న్యాయం," అని తిప్పయ్య గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

ఇద్దరు కూలీలు తవ్వారు. మూరెడు లోతులో చేటెడు కాయలు బయటపడ్డాయి. ఒక్కోటి నిండుగా, గట్టిగా ఉంది. కరువు చేలో ఇంత మంచి కాయ ఎక్కడిదని బుద్ధి ఉన్నవాడైతే అడిగేవాడు.

"లోపల మూటలకు మూటలే ఉండాయి! తవ్వండప్పా!" అన్నాడు విష్ణువర్ధన్.

మీటింగు గాలికి పోయింది. తెల్లబట్టలు ఎర్రమట్టయ్యాయి. మధ్యాహ్నానికి రెండు గంపలు నిండాయి గానీ బొరియ తెగలేదు. దాని దారి తెలుసుకోవాలని కుండలో ఎండుగడ్డి రాజేయించి లోపలికి పొగ ఊదించాడు.

పొగ గట్టు అవతల, గంగక్క చేలో లేచింది. తిప్పయ్య పోయి చూశాడు. అక్కడ కన్నం చుట్టూ తాజా మట్టి కుప్పపోసి ఉంది.

"ఏమప్పా, ఎలుక మట్టి తోడేది అసలు మూతి కాడనే. నీ చేన్లో ఉండేది అది పారిపోయే దొడ్డిదారి. మూతి గంగక్కది. కాయలూ గంగక్కవే."

విష్ణువర్ధన్ నోరు తెరిచేలోపు పొగ ఇంకోచోట కూడా లేచింది. అది అతని చేను మూల గది. విత్తనపు మూటలు పేర్చి, ఎవరినీ నమ్మక రెండు తాళాలు వేసుకున్న గది. పరుగెత్తి తలుపు తీశాడు. అడుగు వరస సంచులు ఖాళీ అయి అణిగిపోయి ఉన్నాయి. వాటి కింద నేలలో కన్నం.

"ఓరి దేవుడా! ఇవి నా కాయలే!"

"ఎంత దూరం పోయినా సరే అంటివే," అన్నాడు తిప్పయ్య. "మూడుసార్లు అంటివి."

గంగక్క ఒక గంప నెత్తిన పెట్టుకుంది. "తవ్వే శ్రమ కూడా లేకుండా చేస్తివి కదన్నా! నీ కడుపు చల్లగుండ!"

మరుసటి రోజు విష్ణువర్ధన్ కొత్త న్యాయం ప్రకటించాడు. బొరియలో కాయలు ఎవరివీ కావట, ఎలుకవేనట.