గాస్కెట్ పేస్టు వర్ధిల్లాలి!

మనిషి కనిపెట్టిన వాటన్నిటిలోకీ గొప్పది ఏది? చక్రం అంటారు కొందరు. కరెంటు అంటారు ఇంకొందరు. వీళ్ళెవరికీ లోకజ్ఞానం లేదని చెప్పడానికి చింతిస్తున్నాను. అన్నిటికంటే గొప్పది మోటార్‌సైకిల్ ఇంజన్‌కి పూసే గాస్కెట్ పేస్టు!

నవ్వకండి. నేను పూర్తి స్పృహలో ఉండే రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఇంజన్ అంటే ఒకే ముద్ద కాదు. కొన్ని లోహపు డొప్పలని కలిపి బోల్టులతో బిగించిన సరుకు. రెండు డొప్పలు కలిసే సందులోంచి ఆయిల్ కారకుండా, మధ్యలో పల్చటి అట్టలాంటి గాస్కెట్ పెట్టి, పేస్టు పూసి బిగిస్తారు. ఇంతేనా, ఇందులో గొప్పేముంది అంటారా? అక్కడే మీరు పప్పులో కాలేశారు. గొప్పతనం పేస్టులో లేదు, అందులో ఉన్న రకాల్లో ఉంది!

ఎర్రది ఉంది, నల్లది ఉంది, బూడిద రంగుది ఉంది, నీలంది ఉంది, అసలు ఏ రంగూ లేనిది కూడా ఉంది. ఆరితే రాయిలా గట్టిపడేది ఉంది, ఎన్నాళ్ళైనా మెత్తగానే ఉండేది ఉంది. గాలి తగిలితే ఆరేది ఒకటైతే, గాలి తగలకపోతేనే ఆరేది ఇంకొకటి! వెనకటి మెకానిక్కులు పాపం, ఉన్న ఒక్కదాన్నే పూసి బిగించి ఇంటికి పోయేవారు. ఎంత దుర్భరమైన బతుకండీ! ఆలోచించే భాగ్యమే లేదు.

మా బావకి ఆ భాగ్యం దక్కింది.

బావ అంటే మా అక్క భర్త. వీధి చివరే ఉన్న బీమా ఆఫీసులో పని, రోజూ నడిచే వెళ్ళొస్తాడు. నెమ్మదైన మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఎవరేమడిగినా ‘కాదు’ అన్న పాపాన పోలేదు. ఆయనకో పాత మోటార్‌సైకిల్ ఉంది. ఇంజన్ పక్క డొప్ప దగ్గర అది ఆయిల్ కారుస్తుంది. వాకిట్లో బండి నిలిపే చోట పడ్డ మరక మా మేనకోడలి కంటే వయసులో పెద్దది. పిల్ల బడికెళ్ళే వయసుకొచ్చినా ఆ మరక సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఇంతలో మా అక్కకి ఉద్యోగం వచ్చింది.

పిల్ల పుట్టకముందు అక్క మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేది. మళ్ళీ అలాంటి పనే, ఊరి బయట ఉన్న ఫ్యాక్టరీలో. తెల్లవారుతూనే షిఫ్టు. ఆ వేళకి అటు బస్సులుండవు. తమ్ముణ్ణి నేనున్నాను గానీ, నాకు సైకిలు తొక్కడం కూడా రాదు. అందుకని అక్క పట్టుదలగా బండి నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, మురిపెంగా కొత్త లంచ్ బాక్సు కూడా కొనుక్కుంది. వచ్చే నెల మొదటి సోమవారం చేరాలి. చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని వాళ్ళు ముందే చెప్పారు.

“చెయ్యి, నాకేం అభ్యంతరం?” అన్నాడు బావ. ఎంత సంస్కారమో చూడండి!

ఆ సాయంత్రమే బండి ఇంజన్ విప్పేశాడు.

“ఆయిల్ కారుతోంది కదే. దారిలో ఆగిపోతే ఒక్కదానివీ ఏం చేస్తావు? ముందు ఇది సరిచేసి ఇస్తాను,” అన్నాడు. అక్క కళ్ళు చెమర్చాయి. అబద్ధమెందుకు, నా కళ్ళు కూడా.

మీలాంటి నాలాంటి సామాన్యుడైతే షాపుకెళ్ళి, ఒక ట్యూబు ఇమ్మని అడిగి, తెచ్చి పూసేసేవాడు. బావ ఫోన్ తెరిచాడు. వీడియోలో ఒక గడ్డపాయన పూస్తే ఎర్రదే పూయాలన్నాడు. కింద కామెంట్లలో ‘ఇంజన్ సింహం’ అనే ఆయన, ఎర్రది పూసినవాడు బండికి ఆజన్మ శత్రువన్నాడు. ఆ సింహాన్ని నల్ల పేస్టు వర్గంవాళ్ళు చీల్చి చెండాడారు. నీలం పేస్టు పూశాక ఏళ్ళ తరబడి చుక్క కారలేదని ఇంకొకాయన ప్రమాణం చేశాడు. బావ మురిసిపోయి వివరాలు రాబడితే తేలిందేమిటంటే, ఆయన దాంతో అతికించింది చేపల తొట్టె!

బావ వాళ్ళందరికీ జవాబులు రాశాడు, అందరినీ సందేహాలు అడిగాడు. మా అక్కని చేసుకునే ముందు కూడా ఇంత విచారించలేదు.

అంతటితో ఆగాడా? స్వయంగా ప్రయోగాలు కూడా! తెలిసినవాళ్ళందరి దగ్గరా తలో రంగు ట్యూబూ పట్టుకొచ్చాడు. అక్క కొత్త లంచ్ బాక్సులో వేడి ఆయిల్ పోసి, మూత అంచుకి పేస్టు పూసి బిగించి, ఆరాక తలకిందులు చేశాడు.

“చూశావా, చుక్క కారలేదు!” అని పొంగిపోయాడు. నిజమే, కారలేదు. మూత కూడా రాలేదు. అక్క లాగింది, నేను లాగాను, పిల్ల కూడా ఓ చెయ్యి వేసింది. రాలేదు.

“హమ్మయ్య, అయితే ఇదే పూసేయండి,” అంది అక్క.

“నీకేం, ఎన్నైనా చెబుతావు. ఇది బాక్సు. ఇంజన్ వణుకుతుంది. ఆ వణుకు లెక్కలోకి తీసుకోవద్దూ?” అన్నాడు బావ. తీసుకున్నాడు కూడా. ఆ బాక్సుని వాషింగ్ మెషీన్ మీద పెట్టి, బట్టలు తిరుగుతున్నంతసేపూ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మూతలో మార్పు లేదు గానీ, మెషీన్ వణుకు వేరు, ఇంజన్ వణుకు వేరు అని ఆయనకే తోచింది. మళ్ళీ మొదటికొచ్చింది.

ఇంజన్ లోపలి సామానంతా భోజనాల బల్ల మీదే ఉండేది, పైన ఓ పాత దుప్పటి కప్పి. మేనకోడలు ఆ పక్కనే హోంవర్కు చేసుకునేది. వీధి మెకానిక్ ఒకరోజు అటుగా పోతూ తొంగి చూసి, “ఏదో ఒకటి పూసి బిగించేద్దాం సార్, ఎంతసేపు పని?” అన్నాడు. అప్పుడు మా బావ మొహం చూడాల్సింది!

“ఏదో ఒకటా? దాని మీద ఎక్కేది మా ఆవిడయ్యా!” అన్నాడు. మెకానిక్ తన దారిన వెళ్ళిపోయాడు.

“బావా, సోమవారం దగ్గరపడుతోంది,” అని నేను గుర్తుచేశాను.

“తొందరపడి పూసేస్తే, రేపు బండి ఆగిపోయినప్పుడు నువ్వొస్తావుట్రా నెట్టుకురావడానికి?” అన్నాడు. సిగ్గుతో తలదించుకున్నాను.

ఆదివారం సాయంత్రం అక్క ఇల్లంతా వెతికి, ట్యూబులన్నీ ఏరుకొచ్చి ఆయన ముందు వరసగా పెట్టింది. “ఏవండీ, వీటిలో ఒకటి తీసుకోండి.”

బావ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాడు. ఎర్రది వేడిని బాగానే తట్టుకుంటుంది గానీ ఆయిల్ దగ్గర నమ్మలేం. నల్లది ఆయిల్‌కి మంచిదే గానీ అందరూ మంచిదనడం లేదు. నీలం ట్యూబు చేపలాయన దెబ్బకి ఎప్పుడో పక్కకి పోయింది. చివరికి బూడిద రంగుది మిగిలింది. దాన్ని ఎటు తిప్పి చూసినా వంక దొరకలేదు. ఆయన నుదుట చెమట పట్టింది.

“ఆ! ఇది ఆరడానికి ఒక పూటైనా పడుతుంది. అంటే రేపు తెల్లవారేసరికి ఎటూ అవదుగా!” అన్నాడు. ఆ ‘అవదుగా’లో కాస్త హుషారు వినిపించింది నాకు.

అక్కకీ వినిపించినట్టుంది. గొంతు పెంచలేదు. ఆయన కళ్ళలోకి చూసి అడిగింది.

“ఏ రంగు పూస్తే నన్ను వెళ్ళనిస్తారు?”

బావ ట్యూబు వెనక్కి తిప్పి చదవడం మొదలుపెట్టాడు, జవాబు అక్కడెక్కడో అచ్చేసి ఉన్నట్టు. చాలాసేపు చదివాడు.

పాఠకమహాశయులారా, ఇప్పటికైనా పేస్టు మహిమ బోధపడిందా? పాతకాలపు మొగుడు ఎంత మోటువాడండీ! పెళ్ళాం ఉద్యోగం అనగానే ఒంటికాలి మీద లేచి, ‘వద్దంటే వద్దు’ అని ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఆవిడ ఎదురుతిరిగేది. పుట్టింటివాళ్ళు దిగేవారు. వీధి వీధంతా అతని మొహాన పడి తిట్టేది. ఇప్పుడా రభస ఉందా? ఎవరి మీద తిరగబడాలి మా అక్క? సిలికాన్ పేస్టు మీదా? వద్దన్నవాణ్ణి నేను కాలర్ పట్టుకుని నిలదీయగలను. నీ క్షేమం కోసమే మీనమేషాలు లెక్కపెడుతున్నాను అనేవాణ్ణి ఏం చేయను? నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఆయన పోసిన కాఫీ తాగి వచ్చాను.

సోమవారం చీకటితోనే అక్క రోడ్డు మీద నిలబడింది. ఆటో దొరికేసరికే ఆలస్యం, వెళ్ళేసరికి షిఫ్టు మొదలైపోయింది. రోజూ టైముకి రాగలరా అని అడిగారట అక్కడి పెద్దమనిషి. మా అక్కకి అబద్ధమాడటం రాదు. ఆ సీటు ఇంకొకరికి వెళ్ళింది.

బావ చాలా నొచ్చుకున్నాడు. “పోనీలే, నీ ఒంటికి ఆ షిఫ్టులు పడవు,” అని ఓదార్చాడు. పిల్లకి జడ కూడా తనే వేశాడు.

మంగళవారం సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి, బట్టలు మార్చుకుని బండి ముందు కూర్చున్నాడు. నేను వెళ్ళేసరికి డొప్ప బిగించడం అయిపోయింది, ఈల వేసుకుంటూ స్పానర్లు సర్దుకుంటున్నాడు. ఇన్ని వారాల శాస్త్రీయ పరిశోధన కదా! నేను ఆత్రం పట్టలేకపోయాను.

“ఇంతకీ ఏది పూశావు బావా?”

“ఏమోరా, చూసుకోలేదు. చేతికేది దొరికితే అది పూశాను,” అన్నాడు బావ. “ఏదైతే ఏంటి, అన్నీ ఒకటేగా!”

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.