మాస్టారి గట్టి బల్ల

ఆదివారం పొద్దున్నే కాఫీ గ్లాసు కింద పెట్టి, సాయంత్రానికల్లా భోజనాల బల్ల చేసి పారేస్తానని లెక్కల మాస్టారు ప్రకటించారు. సాయంత్రం మామగారు వస్తున్నారు. ఆయన నలభై ఏళ్లు వడ్రంగం చేసిన మనిషి. "అల్లుడి చేతికి సుత్తి ఇవ్వకమ్మా" అని పెళ్లయిన కొత్తలో ఆయన కూతురితో అన్న మాట మాస్టారు ఆరేళ్లయినా మరిచిపోలేదు. ఇవాళ ఆ నోరు మూయించాలి.

"నాలుగు కాళ్లు, నాలుగు పలకలు. దీనికి మీ నాన్న ఎన్నాళ్లు పట్టించేవారు?"

"కొలతలకే రెండ్రోజులండీ," అంది భార్య.

"చేతకాకపోతే అంతే."

ఇంట్లో నేల ఎగుడుదిగుడు. అందుకని మాస్టారు పడకగది తలుపు ఊడదీసి రెండు స్టూళ్ల మీద పరిచారు. ఇంత తెలివి ఏ వడ్రంగికి ఏడ్చిందని మురిసిపోయారు. దాని మీద పలకలు బోర్లా పేర్చి, సందుల్లో జిగురు దట్టించి, అడ్డపట్టీలు వేసి, కొట్లో ఉన్నవాటిల్లోకెల్లా పొడుగు స్క్రూలు బిగించారు.

"అంత పొడుగెందుకండీ?"

"పొడుగుంటేనే పట్టు."

ఆ స్క్రూల తలల మీదే కాళ్లు కూడా బిగించేసరికి మధ్యాహ్నం మూడయింది. తీరా ఎత్తబోతే బల్ల లేవలేదు.

"చూశావా బరువు? గట్టిదనమంటే అదీ," అన్నారు మాస్టారు.

పక్కింటాయన్ని పిలిచారు. ముగ్గురూ రొప్పుతూ తిరగేసి నిలబెట్టారు. బల్ల నిలబడింది. దాని నెత్తిన తలుపు, పిడితో గడియతో సహా, దర్జాగా పడుకుని ఉంది. స్క్రూలు పలకలు దాటి తలుపులోకి దిగాయి. మిగతా పని జిగురు చూసుకుంది.

"గడియ దేనికండీ మాస్టారూ, సొరుగుకా?" అన్నాడు పక్కింటాయన.

మాస్టారు సందులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎగదన్నారు. అది వంగింది. అంతలో గుమ్మంలో మామగారి గొంతు వినిపించింది. భార్య గబగబా దుప్పటి కప్పింది గానీ, పిడి బుడిపెలా పొడుచుకొచ్చింది.

మామగారు వచ్చీ రాగానే ఆ బుడిపె తడిమి దుప్పటి లాగేశారు. ఆయన బల్లని రెండు చేతులా ఊపి చూశారు. కదల్లేదు. పైచెక్క మీద అరచెయ్యి రాసి, "పని శుభ్రంగా ఉంది," అన్నారు.

మాస్టారి ఛాతీ పొంగింది. "ఒక్క పూటలో చేశాను మావయ్యగారూ."

"నాకు పది రోజులు పట్టింది, అల్లుడుగారూ. మీరీ ఇంట్లో చేరినప్పుడు నేను చేసిచ్చిన తలుపిది." ఆయన వంగి కిందికి చూశారు. "కిందున్నదంతా పగలగొట్టేస్తే తలుపు మళ్లీ పెట్టుకోవచ్చు. రంపం తెమ్మంటారా?"

భార్య మొగుడి మొహం చూసింది.

"వద్దండీ," అన్నారు మాస్టారు, నేల చూపులు చూస్తూ.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో పడకగదికి దుప్పటి, భోజనాల బల్లకి గడియ.