మహారాణి కడుపు

ఆ రోజు సెలూనాయన పెట్టుకున్న పని చాలా చిన్నది. గడ్డాలు గీయాలి, జుట్టు కత్తిరించాలి, మధ్యలో చిటికెడు మేత వేయడం తప్ప, కొట్లోని చేపల తొట్టి జోలికి పోకుండా ఉండాలి. వినడానికి ఎంత తేలికగా ఉందో చూడండి! కానీ ఆయన చేతికి ఏ ప్రాణిని అప్పగించినా అది దక్కిన పాపాన పోలేదు. భార్య ముచ్చటపడి పెంచుకున్న చిలుక, ఈయన పంజరం తలుపు వేయడం మరచిపోతే చక్కా ఎగిరిపోయింది. గులాబీ మొక్కకు షాంపూ కలిసిన నీళ్లు పోసి, మొదలు దగ్గర నురగ లేస్తే మొగ్గ తొడిగిందని సంబరపడ్డాడు. అందుకే ఆవిడ అక్కింటికి బయల్దేరుతూ గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది.

"ఏవండీ, మహారాణి వట్టి మనిషి కాదు. పొద్దున చిటికెడు మేత, సాయంత్రం చిటికెడు, అంతే. అద్దం మీద టకటకలాడించొద్దు, నీళ్లు మార్చొద్దు. దీనికి కూడా ఏమన్నా అయిందో, తొట్టి ఎత్తుకుని అక్కింటికి పోతా. మళ్లీ రమ్మన్నా రాను."

"చేప పోయాక తొట్టెందుకే?"

"అదిగో! అప్పుడే పోగొట్టేశారు!" అంటూ ఆవిడ విసవిసా వెళ్లిపోయింది.

మహారాణి అంటే ఆ తొట్టిలోని ఆడ గప్పీ చేప. వేలెడు కూడా ఉండదు గానీ, కడుపు మాత్రం గోళీ మింగినట్టు ముందుకు పొడుచుకొచ్చింది. గప్పీలు గుడ్లు పెట్టవు, ఏకంగా పిల్లల్నే కంటాయి. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి వీధిలో అందరికీ దాని మీద ఎక్కడలేని మమకారం పుట్టుకొచ్చింది.

సెలూనాయన పొద్దున్నే లెక్కగా చిటికెడు మేత వేశాడు. మహారాణి తినేసి, అద్దానికి మూతి ఆనించి ఆయన కేసే చూసింది. ఆ చూపుకు ఆయన గుండె నీరైపోయింది. ఇంకో చిటికెడు వేశాడు. మళ్లీ చూసింది. అసలు చేపలన్నీ అలాగే చూస్తాయని ఆయనకెవరు చెప్పాలి?

అంతలో మొదటి బేరంగా లెక్కల మాస్టారు వచ్చాడు. కుర్చీలో కూర్చుని, నురగ మొహంతోనే తొట్టి కేసి తల తిప్పాడు.

"ఒరేయ్, ఎంత వేశావు దానికి?"

"చిటికెడండి."

"లోపల ఎన్ని ప్రాణాలున్నాయో తెలియదు, అన్నిటికీ కలిపి చిటికెడా? భాగించి చూడరా, తలకెంత వస్తుందో! నీకు దయ లేకపోయినా లెక్కన్నా రావద్దూ?"

సెలూనాయన కత్తి కడగడానికి అటు తిరిగాడో లేదో, మాస్టారు మేత డబ్బా మూత తీసేశాడు.

మధ్యాహ్నం దాటేసరికి మహారాణి ఈత మానేసింది. కడుపు బంతిలా అయి, తొట్టి అడుగున ఒక మూల చేరి, గులకరాళ్ల మీద కూలబడింది. సెలూనాయన కత్తెర పక్కన పడేశాడు. చేపలమ్మే ఆయనకు ఫోన్ చేశాడు.

"మూల చేరిందా? కదలటం లేదా? పిల్లలు పెట్టే ముందు అలాగే ఉంటాయిలే. చప్పుడు, వెలుతురు లేకుండా చూసుకో. అన్నట్టు, మేత ఎక్కువ పెట్టలేదు కదా?"

"ఛ ఛ! చిటికెడే!" అన్నాడు సెలూనాయన, తడుముకోకుండా.

ఇక అక్కడి నుంచి చూడాలి భాగోతం. మొదట రేడియో కట్టేశాడు. తర్వాత ఫ్యాను కిర్రుమంటోందని అదీ ఆపేశాడు. బేరాల మెడకు కట్టే తెల్లగుడ్డ తీసి తొట్టికి కప్పాడు. కత్తిరించిన జుట్టంతా చొక్కాల్లోకి దిగి వచ్చినవాళ్లు గోక్కుంటూ కూర్చున్నారు. గోకుడు చప్పుడు కూడా వద్దని సైగ చేశాడు. షట్టరు సగానికి దించి, లైటు తీసేశాడు. ఫ్యాను బాగు చేస్తానని వచ్చిన కరెంటు మిస్త్రీ ఆ పని మానేసి, గుడ్డ అంచు ఎత్తి, టార్చికి వేళ్లు అడ్డుపెట్టుకుని కాపలా కూర్చున్నాడు. మాస్టారు సరేసరి, గడ్డం అయిపోయినా ఇంటికి పోలేదు.

సరిగ్గా అప్పుడు వంగుని లోపలికొచ్చాడు కానిస్టేబుల్. ఆయన మీసం ఆ వీధికంతా పెట్టని గోడ. తన మీసం చూసే దొంగలు లొంగిపోతారని ఆయన నమ్మకం. కుర్చీలో కూర్చుని, "అంచులు, అంచులు మాత్రమే" అన్నాడు. సెలూనాయన ఆ మసక చీకట్లో కత్తెర ఆనించాడు.

"కదిలింది!" అన్నాడు మిస్త్రీ.

సెలూనాయన తల చటుక్కున అటు తిరిగింది. తలతో పాటు చెయ్యీ తిరిగింది. ఎడమ పక్క మీసం మొత్తం కానిస్టేబుల్ ఒళ్లోకొచ్చి పడింది.

కానిస్టేబుల్ దాన్ని చూశాడు, మూతి తడుముకున్నాడు, గావుకేక పెట్టడానికి నోరు తెరిచాడు.

"ష్‌ష్‌!" అన్నారు ముగ్గురూ. "నొప్పులు పడుతోంది!"

అంతలావు మనిషీ ఆ నోరు అలాగే మూసుకుని, గుసగుసగా తిట్టడం మొదలుపెట్టాడు. "నిన్ను లాకప్పులో వేస్తా. నీ కత్తెరను లాకప్పులో వేస్తా. నీ కుర్చీని..." అంటూ గుసగుసలాడుతూనే తొట్టి దగ్గరికి వెళ్లి వంగాడు. "తల ఇటేనా వచ్చేది?"

"వస్తోంది, వస్తోంది!" అన్నాడు మిస్త్రీ.

నలుగురి తలలూ తొట్టి మీదికి వంగాయి. మహారాణి వెనక నుంచి సన్నగా ఏదో బయటికొచ్చింది. తెల్లగా, దారంలా వచ్చింది. వస్తూనే ఉంది.

"ఎంత పొడుగు పిల్లరా!" అన్నాడు మాస్టారు, కళ్లనీళ్లు తుడుచుకుంటూ. "ఎవరి పోలికో!"

షట్టరు గరగరా పైకి లేచింది. గుమ్మంలో భార్య, భుజాన సంచీతో. అక్కింట్లో కూర్చున్నా ఆవిడ మనసు తొట్టి చుట్టే తిరుగుతుంటే, ముద్ద దిగక వచ్చేసింది. ఆవిడ లైటు వేసి, గుడ్డ లాగి, ఒక్క క్షణం చూసింది.

"అది పురుడు కాదు. మలబద్ధకం," అంది. "కాన్పుకింకా చాలా టైముంది. ఎవరు పెట్టారు దీనికి తిండి?"

ఆవిడ చూపు ముందుగా మాస్టారి మీద ఆగింది.

"ఒక్క చెంచా, అమ్మా. భాగిస్తే ఏమీ కాదు."

"పొద్దున ఇటు వెళ్తూ, బిస్కెట్టు ముక్క," అన్నాడు కానిస్టేబుల్, ఇంకా గుసగుసగానే.

"అక్కా, నా క్యారేజీలో గుడ్డు పచ్చసొన. బలమని," అన్నాడు మిస్త్రీ.

సెలూనాయన తల దించుకున్నాడు. సంచీ ఇంకా ఆవిడ భుజాన్నే ఉంది. తొట్టి ఎత్తుకుని పోతుందేమోనని ఆయన గబగబా చెప్పేశాడు. "అది నా కేసే చూస్తోందే! ఆకలేసిందేమోనని, చూసినప్పుడల్లా కాస్త..."

"చూసినప్పుడల్లానా?" అంది ఆవిడ. "పెళ్లయిన ఇన్నాళ్లలో, తిన్నావా అని నన్నెప్పుడన్నా అడిగారా?"

తెల్లదారం తెగి అడుక్కి జారింది. మహారాణి తోక విదిలించుకుని, ఒళ్లు తేలికపడ్డదానిలా ఝామ్మని పైకి ఈదింది. ఆవిడ సంచీ దించింది.

"రేపంతా దీనికి తిండి లేదు. ఎల్లుండి ఉడికించిన బఠానీ, తొక్క తీసి, ఆవగింజంత," అంది. అద్దంలో కానిస్టేబుల్ మూతి కనిపించేసరికి నవ్వు ఆపుకోలేక పమిట నోట్లో కుక్కుకుని కుర్చీలో కూలబడిపోయింది.

సెలూనాయన మేత డబ్బా తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. "తిన్నావా?" అన్నాడు.

మహారాణి ఆ తర్వాత కొన్ని వారాలకు సుఖంగా పిల్లల్ని కన్నది; కానిస్టేబుల్ ఎడమ మీసం కుడిదాన్ని అందుకున్నదీ సరిగ్గా ఆ కాన్పు రోజే.