వాసన రాని ప్రయోగశాల

బడుల్లో సైన్స్ ల్యాబులు శుద్ధ దండగ! ఉన్న ల్యాబులన్నింటికీ వెంటనే తాళాలు వేసి, తాళంచెవులను తాపీ నదిలో పారేయాలని ప్రభుత్వాన్ని, పెద్దలను, మేధావులను చేతులు జోడించి వేడుకుంటున్నాను.

ఈ మాట అనడానికి నీకేం అర్హత ఉందని మీరు అడగవచ్చు. ఉంది. నేను పదో తరగతి సైన్స్ మొత్తం ఫోన్‌లో చదివాను. పరీక్షనాళికను ఒక్కసారి కూడా ముట్టుకోకుండా ప్రాక్టికల్స్‌లో ఫుల్ మార్కులు తెచ్చుకున్నాను. నాకంటే పెద్ద శాస్త్రవేత్త ఈ సూరత్ జిల్లాలో ఇంకెవరున్నారు చెప్పండి?

నా పేరు ప్రమీల. మా బాపు లస్మయ్య సూరత్ పక్కనున్న జోల్వాలో మరమగ్గాల మీద పని చేస్తాడు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మావాళ్లు మరమగ్గాన్ని సాంచ అంటారు. కింద కార్ఖానాలో సాంచాలు, పైన గదిలో మేము. సాంచాలు నడుస్తున్నంతసేపూ మా గోడలు, గిన్నెలు, దేవుడి పటాలు సన్నగా వణుకుతూ ఉంటాయి. కొత్తగా వచ్చిన చుట్టాలు భూకంపం అనుకుంటారు. మేము మాత్రం అవి ఆగితేనే ఉలిక్కిపడి లేస్తాం.

సూరత్‌లో తెలుగు పిల్లల కోసం నడిచే ఒక చిన్న బడి మాది. కరోనా రాకముందు మా బడిలో ల్యాబ్ అంటే ఒక అద్దాల బీరువా. అందులో సీసాలు, నాళికలు, ఒక తరాజు ఉండేవి. పగులుతాయని దాన్ని ఎవరూ తెరిచేవారు కాదు. మేము వరసగా నడిచి వెళ్లి, అద్దంలోంచి చూసి, నమస్కారం పెట్టినంత పని చేసి తిరిగి వచ్చేవాళ్లం.

అప్పట్లో నాకు పెద్ద ఫీజుల బడి పిల్లలంటే అసూయగా ఉండేది. కరోనా వచ్చి ఆ బాధ తీర్చింది! ఇక వాళ్లూ అద్దంలోంచే చూశారు, మేమూ ఫోన్ అద్దంలోంచే చూశాం. కాకపోతే వాళ్ల అద్దం కొంచెం వెడల్పు. ఇంత సమానత్వం ఏ ఉద్యమం తెచ్చింది? ఏ పార్టీ మేనిఫెస్టోలో రాసింది?

ఆన్‌లైన్ ల్యాబ్‌లో ఎన్ని లాభాలో చూడండి. సీసా పగలదు. యాసిడ్ ఒలకదు. యూనిఫాం కాలదు. మెగ్నీషియం తీగ కాలడం చూపిస్తామని మా సార్ వీడియో పెట్టారు. సరిగ్గా మంట అంటుకోగానే నెట్‌వర్క్ ఆగిపోయింది. పీరియడ్ అయిపోయేదాకా ఆ తీగ అలాగే వెలుగుతూ ఉండిపోయింది. చిటికెడు బూడిద కూడా రాల్చకుండా అంతసేపు వెలిగే మంటను మీ నిజం ల్యాబులు చూపించగలవా?

కిరణజన్య సంయోగక్రియ పాఠంలో మొక్కను కొన్నాళ్లు చీకటిగదిలో ఉంచమన్నారు. మా గదిలో చీకటి కోసం వెతుక్కోవాల్సిన అవసరం లేదు. ఆ సగం ప్రయోగంలో క్లాసుకు నేనే ఫస్ట్! తర్వాత మొక్కను ఎండలో పెట్టమన్నారు. అది మాత్రం మా సిలబస్‌లో లేదు. ఎండ పడే చోటంతా కార్ఖానా యజమాని సేఠ్ గారి నూలు కండెలు ఆరుతున్నాయి.

ఇక పిండి పదార్థం పరీక్ష. అయోడిన్ చుక్క వేస్తే పిండి పదార్థం ఉన్నచోట నీలినలుపు రంగు రావాలి. బంగాళాదుంప దొరకలేదు. దండెం మీద మా అమ్మ లలితమ్మ గంజిపెట్టి ఆరేసిన నూలుచీర కనిపించింది. దెబ్బలకు రాసే అయోడిన్ ఒక్క చుక్క వేశాను. పుస్తకంలో చెప్పిన రంగు అచ్చంగా వచ్చింది!

"ఓసి నీ సైన్సు పాడుగాను! పెండ్లికి కట్టుకపోదామని గంజి వెడితిని గదనే!" అని అమ్మ చీపురు అందుకుంది. చరిత్రలో శాస్త్రవేత్తలందరూ ఇలాంటి కష్టాలు పడ్డవాళ్లే కాబట్టి నేను మెట్లు దిగి పరిగెత్తుతూ కూడా గర్వపడ్డాను.

అయితే ఆన్‌లైన్ చదువు ఇచ్చిన వరాలన్నింటిలో గొప్పది మ్యూట్ బటన్. నేను మైక్ తెరిస్తే నాకంటే ముందు సాంచాలు మాట్లాడతాయి. ఖటాఖట్ ఖటాఖట్ అని క్లాసంతా దద్దరిల్లుతుంది.

"ఎవరమ్మా అది, క్లాసులో మిషన్ నడిపేది? మ్యూట్ చేయండి!" అనేవారు మా సైన్స్ సార్, బ్రహ్మచారి గారు.

అలా ఏడాది పొడవునా నేను ఒక్క డౌట్ కూడా అడగలేదు. డౌట్లు లేని విద్యార్థిని అని నాకు మంచి పేరు వచ్చింది. ఇరవై పీరియడ్లు చెప్పినా రాని క్రమశిక్షణ ఒక్క బటన్‌తో వచ్చింది కదా!

ఇన్ని వరాలున్న ఆన్‌లైన్ ల్యాబ్‌కు ఒకే ఒక్కసారి చెడ్డపేరు వచ్చింది. ఆ తప్పు ల్యాబ్‌ది కాదు. పూర్తిగా నాది. నేను ప్రయోగాన్ని ప్రయోగంలా చేశాను.

ఆ రోజు పాఠం ఫెర్రస్ సల్ఫేట్‌ను వేడి చేయడం. వీడియోలో ఎవరిదో చెయ్యి పచ్చటి స్ఫటికాలున్న నాళికను మంట మీద పట్టుకుంది. పచ్చరంగు పోయింది. చివరికి ఎర్రటి పొడి మిగిలింది. పొగ వచ్చింది.

"ఏ రంగు చూసిన్రు, ఏ వాసన వచ్చింది, చాట్‌లో రాయండి," అన్నారు సార్.

అందరికంటే ముందు పరమేశ్వర్ రాశాడు: "సల్ఫర్ కాలిన ఘాటైన వాసన వచ్చింది సార్." అతని ఫోన్‌లో వీడియో ఇంకా తెరుచుకోనేలేదు. వెనకే క్లాసంతా అదే వాక్యం, అదే ఘాటు. అందరి పుస్తకం ఒకటే కదా!

నేను ఫోన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాను. ఏమీ రాలేదు. ఒకరి పరిశీలనను ఇంకొకరు సరిచూడాలని మా పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. అందుకని వంట చేస్తున్న అమ్మ ముక్కు దగ్గర పెట్టాను. అప్పుడే షిఫ్ట్ దిగి వచ్చిన బాపు ముక్కు దగ్గర కూడా పెట్టాను.

"ఏం వాసన లేదు గదనే. ఫోన్ గిట్ల ముక్కుల కుక్కుతవేంది?" అన్నాడు బాపు.

నేను చాట్‌లో ఉన్నది ఉన్నట్టు రాశాను: "నాకు ఏ వాసనా రాలేదు సార్. అమ్మకూ రాలేదు. బాపుకూ రాలేదు."

ఆ రోజుల్లో వాసన తెలియడం లేదంటే దేనికి గుర్తో మీకు వేరే చెప్పాలా? స్క్రీన్ మీద బ్రహ్మచారి సార్ ముఖం పాలిపోయింది. అప్పటికే వాళ్లింట్లో ఒకరు ఆస్పత్రిలో ఉండి వచ్చారు. ఆయన పాఠం ఆపేశారు.

"ప్రమీలా, ఎప్పటిసంది బిడ్డా?" అని మెల్లగా అడిగారు.

"మొదటినుంచీ సార్," అని రాశాను. ఫోన్‌లో వచ్చిన ఏ ప్రయోగానికీ వాసన రాలేదు మరి!

సార్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు నాకు విషయం అర్థమైంది. చెప్పేద్దామని మైక్ తెరిచాను. సాంచాలు మాట్లాడాయి. మళ్లీ తెరిచాను. మళ్లీ అవే మాట్లాడాయి. చాట్‌లో రాసేలోపు సార్ క్లాస్ ముగించేశారు. ఫోన్ చేద్దామంటే సార్ నంబర్ బిజీ. ఆయన అప్పటికే మా కోసం ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేస్తున్నారు. మంచి మనిషి. ఆ మంచితనమే మా కొంప మీదికి వచ్చింది.

సాయంత్రానికి సైరన్ వేసుకుని బండి వచ్చింది. తలనుంచి పాదందాకా తెల్లటి తొడుగులు వేసుకున్నవాళ్లు దిగి, మా ముగ్గురి ముక్కుల్లో పుల్లలు పెట్టారు. గల్లీలో తలుపులన్నీ మూసుకున్నాయి, కిటికీలన్నీ తెరుచుకున్నాయి. రిపోర్ట్ వచ్చేదాకా కిందికి దిగొద్దని కార్ఖానా సేఠ్ బాపుకు ఫోన్ చేశాడు.

"లస్మయ్యా, రిపోర్ట్ ఆనే తక్ నీచే మత్ ఆనా."

రిపోర్ట్ వచ్చింది. ముగ్గురికీ ఏమీ లేదు. అయినా ఇంకొన్నాళ్లు ఆగమన్నాడు సేఠ్. కార్ఖానాలో మనిషి రాకపోతే అతని సాంచాలను బద్లీగా ఇంకొకరికి ఇస్తారు. బాపు సాంచాలు అక్కడే పనిచేసే పరుశురాం కాకకు ఇచ్చారు. తీరా బాపు కిందికి దిగేసరికి అవి కాకకు అలవాటైపోయాయి. బాపుకు మూలనున్న పాతవాటిని ఇచ్చారు. అవి తిరిగే సమయం కంటే దారం తెగి ఆగే సమయమే ఎక్కువ. ఎంత గుడ్డ దిగితే అంత కూలి. దారం తెగినప్పుడల్లా మా ఇంట్లో ఏదో ఒకటి తగ్గుతూ వచ్చింది.

బాపు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అన్నం ముందు కూర్చుని ఒక్కమాట అడిగాడు.

"వాసనొచ్చిందని రాస్తే నీదేం పోతుండె బిడ్డా? పుస్తకంల రాసే ఉన్నది గదా!"

మరునాడే సార్‌కు మెసేజ్ పెట్టాను: "సల్ఫర్ కాలిన ఘాటైన వాసన వచ్చింది సార్." ఆయన రెండు చేతులు జోడించిన బొమ్మ పంపించి ఫుల్ మార్కులు వేశారు. ఆ ఏడు పరీక్షలు రద్దయి, అందరినీ పాస్ చేశారు. ఎవరికి ఏం వచ్చో, ఏం రాదో ఎవరూ అడగలేదు. చూశారా, ఎంత ప్రశాంతమైన చదువో!

అలా హాయిగా సాగుతున్న శాస్త్రీయ జీవితంలో ఒక ఉపద్రవం వచ్చిపడింది. బడులు తెరిచారు!

నేను పదకొండో తరగతి సైన్స్‌లో చేరాను. పదిలో చేయలేకపోయిన ప్రయోగాలను ఒకసారి చూపించమని పైనుంచి చెప్పారట. ఆ అద్దాల బీరువాను తెరిచారు. బ్రహ్మచారి సార్ మమ్మల్ని గోడల వెంబడి దూరదూరంగా నిలబెట్టారు. మాస్కు మీద మాస్కు. కిటికీలన్నీ బార్లా తెరిచారు. గది మధ్యలో బల్ల మీద స్పిరిట్ దీపం, దాని మీద ఒకే ఒక్క నాళిక.

పచ్చరంగు పోయింది. ఎర్రటి పొడి మిగిలింది. "వాసన రాయండి," అన్నారు సార్, రెండు మాస్కుల వెనక నుంచి. గోడ పక్కనుంచే అందరూ రాయడం మొదలుపెట్టారు.

నాకేం పుట్టిందో తెలియదు. బల్ల దగ్గరికి వెళ్లాను. మాస్కులు రెండూ కిందికి లాగి, నాళిక మీదికి వంగి పీల్చాను.

అమ్మో! ముక్కులోంచి మెదడులోకి సూది దిగినట్టయింది. కళ్లు మండాయి. దగ్గు అందుకుంది. ఒకటి కాదు, ఆగని దగ్గు! ఆ కాలంలో ఒక మనిషి దగ్గితే గది ఎంత త్వరగా ఖాళీ అవుతుందో మీకు తెలుసు. పరమేశ్వర్ కిటికీలోంచి దూకాడు. సార్ గుమ్మం బయటనుంచి "మాస్క్ పెట్టుకో బిడ్డా! మాస్క్!" అని అరుస్తున్నారు.

పది తరగతులు చదివాక మొట్టమొదటిసారి ల్యాబ్ మొత్తం నాది! కళ్లు తుడుచుకుని, చేత్తో గాలిని మెల్లగా ముక్కువైపు విసురుకుని, ఈసారి జాగ్రత్తగా పీల్చాను. ఆ వాసన నాకు తెలుసు. పొద్దున్నే మా అమ్మ స్టవ్ ముట్టించడానికి అగ్గిపుల్ల గీస్తే గుప్పుమనే వాసన! అదే, కాకపోతే ఒక వెయ్యి పుల్లలు ఒకేసారి గీసినట్టు.

ఇంతేనా! రోజూ మా ఇంట్లో ఉన్నదే! అగ్గిపుల్ల గీసి చూడండని ఆ రోజు పుస్తకమో సారో ఒక్కమాట చెప్పి ఉంటే, అందరం గీసి, పీల్చి, వచ్చింది సార్ అని నిజంగానే రాసేవాళ్లం. మా ఇంటికి బండి వచ్చేది కాదు. బాపు సాంచాలు బాపుకే ఉండేవి. నాకు ఏడుపు వచ్చింది. పొగ వల్ల అని సార్‌తో చెప్పాను.

రికార్డులో ఇలా రాశాను: "అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే వాసన. దగ్గు వస్తుంది. కళ్లు మండుతాయి." సార్ చదివి తల పట్టుకున్నారు.

"కరెక్టేనమ్మా. కానీ ఎగ్జామినర్ ఒప్పుకోడు. పుస్తకంల ఉన్నట్టు మార్చి తీసుకరా," అన్నారు.

ఇంటికి వచ్చి బాపుకు చెప్పాను. ఆయన మూలసాంచాల దగ్గర తెగిన దారం ముడివేస్తున్నాడు. ఆ చప్పుడులో వినపడాలని చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. ఆయన కూడా నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"మార్చకు! పోయే సాంచాలు ఎప్పుడో పోయినయ్!"

నేను మార్చలేదు. ప్రాక్టికల్స్‌లో మార్కులు పోయాయి.

కాబట్టి తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, ప్రభుత్వానికి మళ్లీ మనవి చేస్తున్నాను. పిల్లలను ల్యాబుల్లోకి రానివ్వకండి! ఫోన్‌లోనే చూపించండి. ఒక్కసారి సొంత ముక్కుతో వాసన చూశారంటే, ఆ తర్వాత మీరు చెప్పింది రాయరు.