ఒక పరుపు మీద మూడు ఫిర్యాదులు

ఆ ఆదివారం పొద్దున్న సెక్షను వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కాఫీ తాగి, బట్టలు ఉతుక్కుని, అక్క కొత్త పరుపు గురించి కంపెనీకి ఒక ఫోను చేసి, మధ్యాహ్నం నుంచి పరీక్షలకు చదువుకోవాలి. ఫోను సంగతి చిటికెలో తేలిపోతుందనుకుంది.

సెక్షను ఆమె అసలు పేరు కాదు. లా కాలేజీలో చేరిన కొత్తలో, క్యాంటీన్‌లో నీళ్ల కాఫీ దగ్గర్నుంచి ఆలస్యంగా వచ్చిన బస్సు దాకా ప్రతిదానికీ ఏదో ఒక సెక్షను చెబుతుంటే క్లాసువాళ్లు తగిలించిన పేరు. హాస్టల్లో సీటు దొరక్క పెట్టె పట్టుకుని రోడ్డున నిలబడిన రోజు ఆమెకు తన అద్దెగదిలో చోటిచ్చింది పెద్దమ్మ కూతురు. అక్క అకౌంట్స్ చదువుతోంది. నోట్లో నాలుక లేని మనిషి. హోటల్లో ఒకటి అడిగితే ఇంకొకటి తెచ్చిపెట్టినా, పాపం వాళ్లకెంత తొందరో అనుకుని అదే తినేసి, బాగుందని కూడా చెప్పి వస్తుంది.

ఆ అక్కకు కొన్నాళ్లుగా నడుము నొప్పి. పొద్దున్నే లేచేటప్పుడు గోడ పట్టుకుని, కళ్లు మూసుకుని, ఎవరికీ వినపడకుండా మూలుగుతుంది. సెక్షనుకు వినపడేది. చివరికి కొత్త పరుపు కొనుక్కుంటే, అది వేసుకున్న మర్నాడు కూడా గోడే గతి అయింది. పరుపు మధ్యలో గుంట పడిపోయింది. "పోనీలే, అలవాటైపోతుంది" అంది అక్క. సెక్షనుకు ఒళ్లు మండింది.

దానికి తోడు ఆ వారమే కాలేజీలో, ఇంటికి దూరంగా ఉండి చదువుకునే విద్యార్థుల కోసం వినియోగదారుల హక్కుల మీద క్లాసు పెట్టారు. బిల్లు దాచుకోండి, ఫోటో తీసిపెట్టుకోండి, జరిగింది జరిగినట్టు రాయండి, మీకేం కావాలో ఒక్క ముక్కలో చెప్పండి, ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి అని మేడం చెప్పింది. సెక్షను అన్నీ కంఠతా పట్టేసింది. ఒకే విషయానికి నాలుగు వైపుల నుంచి ఫిర్యాదులు పెట్టకండి అని కూడా మేడం చెప్పింది గానీ, అప్పటికే బెల్లు కొట్టేయడంతో ఆ ముక్క బెంచీల చప్పుడులో కలిసిపోయింది.

కంపెనీవాళ్లు చాలాసేపు పాట వినిపించి, ఆ తర్వాత మర్యాదగానే మాట్లాడారు. వేరే పరుపు పంపిస్తామన్నారు, గుంట పడినదాన్ని మనిషి వచ్చి పరీక్షిస్తాడన్నారు. నంబరు మాత్రం మెసేజీలో వస్తుందన్నారు. అది మధ్యాహ్నమైనా రాలేదు. సెక్షనుకు అనుమానమొచ్చి, అక్క ఫోను లాక్కుని యాప్‌లో అక్క పేరు మీద ఇంకో ఫిర్యాదు రాసేసింది. సాయంత్రం పిల్లల క్షేమం కనుక్కోవడానికి బాబాయి ఫోను చేశాడు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక బాబాయికి కోప్పడటానికి ఎవరూ దొరకడం లేదు. పరుపు కథ వినగానే ఆయన గొంతులో ప్రాణం లేచివచ్చింది. వెంటనే కంపెనీకి ఫోను చేసి, అక్క ఫోను నంబరిచ్చి, మీ పరుపు మీద పడుకుని మా పిల్ల నడుము విరిగిందని చెప్పాడు.

మెసేజీలు ఆ రాత్రే వచ్చాయి. ఒకటి కాదు, మూడు నంబర్లు. సెక్షను వాటిని అక్కకు చూపించి, పని జరిగే పద్ధతి ఇదీ అంది.

తర్వాత పరుపులు వచ్చాయి. మొదటిది వచ్చినప్పుడు ఇద్దరూ సంబరపడ్డారు. పరీక్ష చేసే మనిషి వచ్చేదాకా కవరు విప్పకూడదని దాని మీదే రాసి ఉంది కాబట్టి కిటికీకి ఆనించి నిలబెట్టారు. మర్నాడు రెండోది వచ్చింది. దాన్ని గోడకు ఆనించారు. ఆ మధ్యాహ్నమే మూడోది వచ్చింది. నడుము విరిగినవాళ్ల కోసమని కంపెనీ దయతలచి పంపిన పెద్ద పరుపు. అది గదిలో పట్టక సగం మెట్ల మీదే ఉండిపోయింది. దాన్ని వెనక్కి తీసుకెళ్లమని సెక్షను ట్రాలీ అతన్ని బతిమాలింది. ఇచ్చి రమ్మన్నారు గానీ తెమ్మనలేదని, తీసుకెళ్లాలంటే ఇంకో ఫిర్యాదు పెట్టాలని అతను చెప్పి వెళ్లిపోయాడు.

ఆ గదిలో పట్టపగలే లైటు వేసుకోవలసి వచ్చింది. బాత్రూముకు వెళ్లాలంటే అక్క నడుము పట్టుకుని, అడ్డంగా తిరిగి, పొట్ట లోపలికి లాక్కుని వెళ్లేది. పరీక్ష చేసే మనిషి మాత్రం ఇవాళ, రేపు అంటూ రాలేదు.

కింది వాటాలో ఉండే ఇంటావిడ, చెల్లెలి ఊరికి వెళ్లినావిడ, తిరిగి వచ్చింది ఆ సమయంలోనే. మెట్ల మీద పరుపును చూసి ఆగింది. దాన్ని తప్పించుకుని పైకి వచ్చేసరికి గది తలుపు తెరిచే ఉంది. లోపల సెక్షను, జారిపోతున్న పరుపును రెండు చేతులతో ఆపి పట్టుకుని, స్పీకరు మీద కంపెనీతో మాట్లాడుతోంది.

"ఒకే అడ్రసు నుంచి మూడు ఫిర్యాదులొచ్చాయి మేడం. అందుకని మీది హాస్టలని రాసుకున్నాం. మొత్తం ఎన్ని పరుపులున్నాయి?"

చేతులు లాగేస్తున్నాయి. ఎలాగోలా ఫోను పెట్టేయిస్తే చాలనుకుంది సెక్షను. "ప్రస్తుతానికి నాలుగు" అంది.

గుమ్మంలోంచి ఇంటావిడ గొంతు వినిపించింది. "ఇద్దరమ్మాయిలు ఉంటారని గది ఇచ్చాను. హాస్టలు పెట్టుకోమని ఇవ్వలేదు."

అక్క ఏదో చెప్పబోయింది. ఈలోగా సెక్షను పరుపు వెనక నుంచే అద్దెకున్నవాళ్ల హక్కుల గురించి మొదలుపెట్టింది. నోటీసు లేకుండా ఖాళీ చేయించడానికి వీల్లేదని గట్టిగా చెప్పింది. ఇంటావిడ చివరిదాకా శ్రద్ధగా విని, మంచి సంగతి చెప్పావమ్మా అని, రేపే కాగితం మీద నోటీసు ఇస్తానని దిగి వెళ్లిపోయింది.

ఎదురుగా పరీక్షలు. గది దొరకడం ఆ వీధిలో ఎంత కష్టమో సెక్షనుకు తెలుసు. ఆరోజు పెట్టెతో నిలబడిన తనకు చోటిచ్చినందుకు అక్కకు ఇప్పుడు చోటు లేకుండా చేసింది. అక్క తిట్టి ఉంటే బాగుండేది. అక్క తిట్టలేదు. నడుముకు చెయ్యి ఆనించుకుని, నెమ్మదిగా వంగి, పుస్తకాలు అట్టపెట్టెలో సర్దడం మొదలుపెట్టింది. సెక్షనుకు చెప్పుకోవడానికి ఒక్క సెక్షనూ తోచలేదు.

మర్నాడు పొద్దున్న ఇంటావిడ నోటీసు పట్టుకుని పైకి వచ్చింది. ఆవిడ వెనకే కంపెనీ పంపిన మనిషి కూడా వచ్చాడు. చెప్పులు విప్పి, ఎవరితోనూ మాట్లాడకుండా అక్క పరుపును నేల మీద పరిచి, దాని మీద వెల్లకిలా పడుకున్నాడు. లేచి చూశాడు. గుంట లేదు. పరుపును మంచం మీద వేసి చూశాడు. గుంట ఉంది. పరుపు పక్కకు తీశాడు.

మంచానికి మధ్య చెక్క రెండు ముక్కలై ఉంది. దాని కింద బోర్లించిన బకెట్టు. చెక్కకూ బకెట్టుకూ మధ్య ఖాళీ లేకుండా అక్క లావుపాటి అకౌంట్స్ పుస్తకం. ఆ మనిషి పరుపులో లోపం లేదని రాసుకున్నాడు. మిగిలిన ఇద్దరూ అక్కవైపు చూశారు.

"నేను చేరినరోజే చూశానాంటీ" అంది అక్క నేల చూస్తూ. "చెబితే మీరేమనుకుంటారోనని ఊరుకున్నా. పరుపు మందంగా ఉంటే తెలియకుండా పోతుందనుకున్నాను."

"నాకైనా చెప్పొచ్చుగా అక్కా?" అంది సెక్షను.

"నీకు చెబితే ఆంటీ మీద కేసు వేస్తానంటావని."

ఇంటావిడ నమ్మలేక మంచం మీద కూర్చుని చూసింది. బకెట్టు పటుక్కుమంది. అక్కే నడుము నొప్పి మరిచిపోయి ఆవిడను లేవదీసింది. ఇంతకాలం దీని మీద పడుకున్నావా పిచ్చిపిల్లా, ఒక్కమాట చెబితే మార్పించేదాన్ని కదా అని ఇంటావిడ అక్క వీపు నిమిరింది. నోటీసును మడిచి సంచిలో పెట్టేసుకుంది. కంపెనీ మనిషి ఫోను చేయడంతో మధ్యాహ్నానికల్లా ఆ మూడు పరుపులూ వెనక్కి వెళ్లిపోయాయి. గదిలోకి వెలుతురు వచ్చింది.

మంచాలు మాత్రం ఇంటావిడ గది అద్దెకిచ్చే ముందు కొత్తగా కొన్నవేనట. గ్యారంటీ ఉందట. ఇలాంటి మంచాలు అమ్మినవాళ్లను ఊరికే వదలకూడదని, ఏం చేయాలో చెప్పమని సెక్షనును అడిగింది. సెక్షను అక్కవైపు చూసింది. బిల్లు చూపించి ఒక్క ఫిర్యాదు, ఒక్కటే, మీరొక్కరే పెట్టండని నెమ్మదిగా చెప్పింది. ఇంటావిడ బుద్ధిగా తలూపింది. కిందకు వెళ్లి తాను ఫోను చేసి, ఎందుకైనా మంచిదని చెల్లెలితోనూ అల్లుడితోనూ కూడా చేయించింది.

మరుసటి ఆదివారం పొద్దున్నే వీధిలో లారీ ఆగింది. పరుపులైతే మెట్ల మలుపు దగ్గర కాస్త వంగాయి. మంచాలు వంగవు.